సప్లిమెంట్ ఫార్ములా మారుస్తున్నారా? కస్టమర్ల ఫోన్లు మోగకముందూ, మోగాకా చేయాల్సిన పనులు

"డబ్బా అదే, మూత అదే, స్కూపూ అదే. లోపల పొడి మాత్రం నేను రోజూ తాగేది కాదు."

ఒక ప్రోటీన్ పౌడర్ కంపెనీలో నేను ఫిర్యాదులు చూసే రోజుల్లో వచ్చిన ఫోన్ ఇది. ఆవిడ నాలుగేళ్లుగా మా పౌడర్ వాడుతున్నారు. అంతకు మూడు వారాల ముందే మా వాళ్లు పొడి నీళ్లలో బాగా కలవడానికి వేసే సోయా లెసిథిన్ తీసేసి పొద్దుతిరుగుడు లెసిథిన్ వేశారు, స్వీటెనర్ కూడా మార్చారు. కంపెనీ లెక్కలో అది చిన్న మార్పు. అందుకని కస్టమర్లకు చెప్పలేదు, ఫోన్లు ఎత్తే మాకూ చెప్పలేదు. నేను ధీమాగా, "లేదండీ, ఏ మార్పూ జరగలేదు" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టుకుని లేబుల్ మీది పదార్థాలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. ఐదో పదార్థం దగ్గర నాకు చెమటలు పట్టాయి.

ఆ తర్వాత ఇలాంటి మార్పులు చాలా చూశాను. కొన్ని సాఫీగా జరిగిపోయాయి, కొన్ని రచ్చ అయ్యాయి. ఫిర్యాదుకు జవాబు ఇచ్చేముందు అది ఏ రకం ఫిర్యాదో తేల్చుకున్నామా లేదా అన్న దగ్గరే తేడా వచ్చింది. "రుచి చెడగొట్టారు", "కడుపు ఉబ్బరంగా ఉంటోంది", "మూడు నెలలు వచ్చే డబ్బా నెలకే అయిపోతోంది", "మాతో ఒక్క మాట చెప్పలేదేం?" ఫోన్‌లో ఈ నాలుగూ ఒకే కోపంతో వినిపిస్తాయి. నాలుగింటికీ ఒకే క్షమాపణ మెయిల్ పంపేస్తే నాలుగూ ముదురుతాయి. ఒక సప్లిమెంట్ ఫార్ములా మార్చబోతున్న చిన్న కంపెనీకి ఏ పని ఎప్పుడు చేయాలో వరుసగా చెబుతాను.

1. మార్పును కస్టమర్ వైపు నుంచి రాసుకోండి

ఫార్ములా తయారుచేసేవాళ్ల షీట్‌లో "సుక్రలోజ్ బదులు స్టీవియా" అని ఒక లైన్ ఉంటుంది, రెండూ తీపి కోసం వేసే స్వీటెనర్లే. కస్టమర్‌కు అది లైన్ కాదు, మింగాక నాలుక చివర నిలబడిపోయే చేదు. అందుకని ఇంకో షీట్ తీసుకోండి. ప్రతి మార్పు పక్కన కంటికి ఏం కనిపిస్తుంది, ముక్కుకు, నాలుకకు ఏం తెలుస్తుంది, ఒంట్లో ఏం తేడా రావచ్చు, డబ్బా ఎన్ని రోజులు వస్తుంది అని రాయండి. మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఫోన్లో వినబోయే మాటల్లో సగం ముందే ఈ షీట్‌లో ఉంటాయి.

మెగ్నీషియం సంగతి చూడండి. మెగ్నీషియం ఆక్సైడ్ బరువులో దాదాపు 60 శాతం మెగ్నీషియమే. దాని బదులు వేసే మెగ్నీషియం గ్లైసినేట్‌లో అది 14 శాతం దగ్గర ఉంటుంది. రోజుకు 200 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఇవ్వాలంటే ఆక్సైడ్ 330 మిల్లీగ్రాముల చిల్లర చాలు, ఒక్క క్యాప్సూల్‌లో పడుతుంది. గ్లైసినేట్ అయితే 1,400 మిల్లీగ్రాములు దాటుతుంది, మూడు క్యాప్సూల్స్ మింగాలి. మీరేమో "ఒంటికి బాగా పట్టే రకం వేశాం" అని సంబరపడుతుంటారు. కస్టమర్ చూసేది మాత్రం 90 రోజులు వచ్చిన డబ్బా 30 రోజులకే ఖాళీ కావడం. పైగా ఆక్సైడ్ వాడేవాళ్లలో కొందరు దాన్ని కొనేదే పొద్దున విరేచనం సాఫీగా అవుతుందని. గ్లైసినేట్‌తో ఆ ప్రభావం తక్కువ. మీరు సైడ్ ఎఫెక్ట్ తగ్గించాం అనుకుంటారు, వాళ్లు మందు పనిచేయడం మానేసింది అంటారు. ఇద్దరిదీ నిజమే.

ఇలా "పనిచేస్తోంది" అని కస్టమర్ గుర్తుపెట్టుకునే సంకేతాలు చాలా ఉన్నాయి. నియాసిన్‌లో నికోటినిక్ యాసిడ్ రకం వేసుకుంటే ముఖం ఎర్రబడి చురుక్కుమంటుంది, నియాసినమైడ్‌తో అలా జరగదు. వ్యాయామానికి ముందు తాగే పౌడర్లలో బీటా అలనైన్ ఉంటే చర్మం మీద చీమలు పాకినట్టు ఉంటుంది. బీ2 విటమిన్ ఉంటే మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది. వీటిలో దేని మోతాదు తగ్గించినా, రకం మార్చినా "సరుకు పలచన చేశారు", "ఇది డూప్లికేట్" అనే ఫోన్లు వస్తాయి. చురుకు లేకపోతే మందు లేదని చాలామంది లెక్క. ఆ లెక్క తప్పు కావచ్చు, కానీ ఆ చురుకును ఇన్నాళ్లూ వాళ్లకు అలవాటు చేసింది మీ ప్రోడక్టే.

కొన్ని మార్పులు మీ చేతిలో ఉండవు. టైటానియం డయాక్సైడ్‌ను (ఈ171) ఆహార పదార్థాల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2022లో నిషేధించింది. మాత్రల పూతకు, క్యాప్సూల్ తొడుగుకు పాలలాంటి తెలుపు ఇచ్చేది అదే. అది తీసేయగానే క్యాప్సూల్ మసకగానో పారదర్శకంగానో కనిపిస్తుంది, లోపలి పొడి అసలు రంగు బయటపడుతుంది. లోపలి పదార్థాలన్నీ అవే ఉన్నా "ఇదేంటి, రంగు మారిందేం?" అన్న ప్రశ్న తప్పదు. జెలటిన్ తొడుగు బదులు మొక్కల నుంచి చేసే తొడుగు వేసినా ఇదే కథ, అయితే ఇక్కడ శాకాహారులు సంతోషిస్తారు.

పౌడర్ల దగ్గర అందరూ మర్చిపోయేది స్కూప్. కొత్త పొడి పాతదానికన్నా తేలికైతే అదే 30 గ్రాములు ఎక్కువ చోటు తీసుకుంటుంది. పాత స్కూప్‌నే డబ్బాలో వేసి పంపితే కస్టమర్‌కు అందేది 24 గ్రాములో 26 గ్రాములో. పొడి బరువెక్కితే ఇది తిరగబడుతుంది, డబ్బా చెప్పిన రోజులకన్నా ముందే అయిపోతుంది. వంట తూకం మీద పెట్టి చూసుకునే కస్టమర్లు ఉంటారు. వాళ్లు ఫొటో తీసి పంపేలోపు మీరే తూచుకోండి.

షీట్ చివర ఒక గడి ఉంచి, ఎందుకు మారుస్తున్నాం అన్నది నిజాయతీగా రాయండి. ముడిసరుకు దొరకడం లేదా, చట్టం మారిందా, ధర తగ్గించుకోవాలనా? ఖర్చు తగ్గించుకోవడానికి మార్చి "మీ ఆరోగ్యం కోసం" అని ప్రకటించిన కంపెనీని కస్టమర్లు పట్టుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. పాల నుంచి తీసి బాగా శుద్ధిచేసిన వే ఐసోలేట్ ప్రోటీన్‌లో కొంత భాగం తీసేసి, అంతగా శుద్ధిచేయని కాన్‌సెంట్రేట్ కలిపితే ప్రోటీన్ శాతం తగ్గుతుంది, లాక్టోజ్ (పాలలోని చక్కెర) పెరుగుతుంది. ఆ రెండూ లేబుల్ మీదో కడుపులోనో బయటపడతాయి.

2. ఎవరికి ప్రమాదమో ముందే విడదీయండి

ఇది మార్కెటింగ్ వాళ్ల పని కాదు. ఫార్మసిస్ట్‌నో డాక్టర్‌నో పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని.

మల్టీవిటమిన్‌లో కొత్తగా విటమిన్ కె కలిపారనుకోండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు అది మందు పనికి అడ్డుపడుతుంది. జుట్టు, గోళ్ల కోసమని బయోటిన్ మోతాదు పెంచారనుకోండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తప్పుగా చూపిస్తుంది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా అందులో ఉందని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. పాలు, సోయా, గోధుమ, రొయ్యా పీతా లాంటి అలర్జీ పదార్థం ఏది కొత్తగా చేరినా ఆ డబ్బా పాత డబ్బా రూపంలో బయటికి వెళ్లడానికి వీల్లేదు. రోజూ వాడేవాళ్లు లేబుల్ మళ్లీ చదవరు. మొదటిసారి చదివి, సరిపోతుందని తేల్చుకుని, తర్వాత కళ్లు మూసుకుని కొంటారు.

క్రీడాకారులను మర్చిపోకండి. డోపింగ్ పరీక్షలకు వెళ్లేవాళ్లు బయటి సంస్థ పరీక్షించి ముద్ర వేసిన సప్లిమెంట్లే వాడతారు. ఫార్ములా మారాక ఆ ముద్ర కొత్త సరుకుకూ వర్తిస్తుందో లేదో ముద్ర ఇచ్చినవాళ్లను అడిగి, తేలాకే డబ్బా మీద ఉంచండి.

3. ఆఫీసులో కాదు, వాళ్ల ఇంట్లో రుచి చూపించండి

కోకా-కోలా 1985 ఏప్రిల్ 23న తన డ్రింక్ రుచి మార్చింది. అంతకుముందు దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించి, కొత్తదే బాగుందని తేల్చుకుంది. జనం ఊరుకోలేదు. కంపెనీకి రోజుకు 400 వచ్చే ఫోన్లు జూన్ నాటికి 1,500కు చేరాయి, 79 రోజులకు పాత రుచి తిరిగొచ్చింది. ఒక్క గుక్కలో తియ్యగా నచ్చినది గ్లాసు నిండా తాగితే నచ్చకపోవచ్చు, నెలంతా తాగితే అసలే నచ్చకపోవచ్చు. పైగా "పాతది ఇక దొరకదు, ఫర్వాలేదా?" అన్న ప్రశ్న రుచి చూసినవాళ్లను ఎవరూ గట్టిగా అడగలేదు.

మీకు 2 లక్షల మంది అక్కర్లేదు. రెండు చిన్న పరీక్షలు చాలు.

మొదటిదానికి ట్రయాంగిల్ టెస్ట్ అని పేరు. మూడు కప్పులు ఇవ్వండి, రెండింట్లో ఒకటే సరుకు, మూడోదాంట్లో వేరేది. తేడాగా ఉన్నది ఏదో చెప్పమనండి. ఊరికే గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరిది ఒప్పే అవుతుంది. అంటే 30 మందిలో 10 మంది సరిగ్గా చెబితే ఎవరికీ తేడా తెలియనట్టే. 15 మందో అంతకన్నా ఎక్కువో సరిగ్గా చెబితే మాత్రం తేడా నిజంగా తెలుస్తోందని అర్థం. ఇక "ఎవరూ గుర్తుపట్టరులే" అనే మాట కట్టిపెట్టండి.

రెండోది ఇంటి పరీక్ష. ఏడాదికి పైగా వాడుతున్న పాత కస్టమర్లలో 20, 30 మందికి పూర్తి డబ్బా ఇచ్చి, మూడు వారాలు మామూలుగా ఎలా వాడతారో అలాగే వాడమనండి. ఏం మారిందో చెప్పి, వాళ్లకు అలర్జీలు, వాడే మందులు ఏమున్నాయో అడిగాకే ఇవ్వండి. మీ ఆఫీసులో షేకర్‌లో చల్లటి నీళ్లతో కలిపి చూసినదాన్ని ఇంకొకరు వేడి పాలలో కలుపుతారు, ఇంకొకరు రాత్రి కలిపి పొద్దున తాగుతారు. గడ్డకట్టడం, అడుగున పేరుకోవడం, నురగ రాకపోవడం అక్కడే బయటపడతాయి. మాకు లెసిథిన్ సంగతి అలాగే తెలియాల్సింది. పరీక్ష పెట్టలేదు కాబట్టి ఫోన్‌లో తెలిసింది.

4. ముందే చెప్పండి, పదార్థం పేరు పెట్టి చెప్పండి

ఇక్కడ మందుల రంగం నుంచి రెండు సంగతులు చెప్పక తప్పదు. సప్లిమెంట్లు మందులు కావు కానీ మనుషుల స్పందన ఒకేలా ఉంటుంది.

న్యూజిలాండ్‌లో 2007లో ఎల్‌ట్రాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర తయారీని వేరే దేశానికి మార్చారు. అసలు మందు అదే, మోతాదు అదే. మాత్ర రూపం, రుచి, మందు కాని మిగతా పదార్థాలు మారాయి. అంతకుముందు 30 ఏళ్లలో దాని మీద వచ్చిన దుష్ప్రభావాల ఫిర్యాదులు 14. మార్పు తర్వాత ఏడాదిన్నరలో అవి వెయ్యి దాటాయి. టీవీ కథనాల్లో ఏ లక్షణాలు చెప్పారో, ఆ తర్వాత వచ్చిన ఫిర్యాదుల్లో అవే ఎక్కువగా కనిపించాయని పరిశోధకులు గుర్తించారు. చెడు జరుగుతుందన్న అనుమానమే ఒంట్లో బాధగా మారడాన్ని నోసీబో అంటారు.

ఫ్రాన్స్‌లో 2017 మార్చిలో మెర్క్ కంపెనీ లెవోథైరాక్స్ అనే థైరాయిడ్ మాత్రలో, మందు కాని పదార్థాల్లో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ యాసిడ్ వేసింది. దాదాపు 30 లక్షల మంది వాడే మాత్ర అది. వేలమంది తమకు పడటం లేదన్నారు. అదే ఏడాది అక్టోబరులో పాత ఫార్ములాను వేరే పేరుతో తాత్కాలికంగా తిరిగి తేవాల్సి వచ్చింది. కేసు కోర్టుకెక్కింది. 2020లో లియాన్ అప్పీలు కోర్టు 3,300 మందికి పైగా ఫిర్యాదుదారులకు ఒక్కొక్కరికి 1,000 యూరోలు ఇవ్వమంది. కోర్టు తప్పుపట్టింది కొత్త మాత్రను కాదు, మార్పు గురించి వాడేవాళ్లకు సరిగ్గా చెప్పకపోవడాన్ని.

అందుకని చెప్పాలా వద్దా అన్న చర్చ మీద మీటింగులు పెట్టకండి. ఎలా చెప్పాలన్నదే పని. చాలా కంపెనీలు ఇలా రాస్తాయి:

"మీ ఆదరణకు ధన్యవాదాలు! ఇప్పుడు సరికొత్త, మరింత మెరుగైన ఫార్ములాతో, అదే నమ్మకంతో మీ ముందుకు!"

ఇందులో సమాచారం సున్నా. "మెరుగైన" అన్న మాట చూడగానే పాత కస్టమర్ డబ్బా తిప్పి ఏం తగ్గించారా అని వెతుకుతాడు. నేనైతే ఇలా రాస్తాను:

"మీరు వాడే మెగ్నీషియం క్యాప్సూల్స్‌లో మార్పు చేశాం. లాట్ నంబర్ (తయారైన విడత నంబర్) చివర 'బి' ఉన్న డబ్బాల నుంచి మెగ్నీషియం ఆక్సైడ్ బదులు మెగ్నీషియం గ్లైసినేట్ ఉంటుంది. రోజుకు అందే మెగ్నీషియం 200 మిల్లీగ్రాములే, అందులో మార్పు లేదు. కానీ దానికోసం రోజుకు ఒకటి బదులు మూడు క్యాప్సూల్స్ వేసుకోవాలి, కాబట్టి 90 క్యాప్సూల్స్ డబ్బా 30 రోజులే వస్తుంది. పాత రకంతో కొందరికి విరేచనం సాఫీగా అయ్యేది. కొత్తదాంతో ఆ తేడా మీకు తెలియవచ్చు. కొత్త అలర్జీ పదార్థాలు ఏవీ చేరలేదు. పాత రకమే కావాలంటే మిగిలిన స్టాక్ ఉన్నంతవరకు పంపుతాం. ఈ మెయిల్‌కు జవాబు ఇస్తే మనిషే చదువుతారు."

రోజులు తగ్గుతాయన్న చేదు మాట మధ్యలోనే ఉంది చూడండి. దాన్ని చివర చిన్న అక్షరాల్లోకి తోయకండి. అలాగే "కొందరికి తలనొప్పి, వికారం, నీరసం రావచ్చు" అని ఆధారం లేని లక్షణాల జాబితా ఇవ్వకండి. అలా ఇస్తే ఆ లక్షణాలకు మీరే విత్తనం వేసినట్టు. నిజంగా రావచ్చని కారణంతో సహా తెలిసినదే చెప్పండి, అది దాచకండి.

సబ్‌స్క్రిప్షన్ వాళ్లకు తర్వాతి డబ్బా బయల్దేరకముందే చెప్పాలి, వద్దనుకుంటే ఆపుకునేందుకు కనీసం రెండు వారాలు ఉండాలి. షాపుల్లో కొనేవాళ్లకు డబ్బా ముందు వైపు స్టిక్కర్ కావాలి. అందరికన్నా ముందు చెప్పాల్సింది ఫోన్లు ఎత్తేవాళ్లకు. "ఏ మార్పూ లేదండీ" అని నేను చెప్పిన అబద్ధం నాది కాదు, అయినా కస్టమర్ చెవిలో పడింది నా గొంతే.

5. పాత సరుకు, కొత్త సరుకు కలవనివ్వకండి

లేబుల్ మీద ప్రకటించే పదార్థాలు మారి, కొనేవాళ్లు ఆ తేడా గుర్తించాలి అనుకుంటే కొత్త బార్‌కోడ్ తీసుకోవాలని బార్‌కోడ్ ప్రమాణాలు చూసే జీఎస్1 నిబంధన చెబుతుంది. అదే కోడ్‌తో నెట్టుకొస్తే గోడౌన్‌లో రెండు రకాలూ కలిసిపోతాయి. ఒకే ఆర్డర్‌లో ఒక డబ్బా పాతది, ఒక డబ్బా కొత్తది వెళ్తుంది. అప్పుడు కస్టమర్‌కు తట్టేది ఫార్ములా మార్పు కాదు, నకిలీ సరుకు.

భోజనం బదులు తాగే పౌడర్ అమ్మే సోయ్‌లెంట్ అనే కంపెనీ దానికి సాఫ్ట్‌వేర్ లాగా 1.4, 1.5, 1.6 అని వెర్షన్ నంబర్లు పెట్టేది. అది చూసి నవ్వినవాళ్లున్నారు. 2016లో దాని బార్లు, 1.6 పౌడర్ వాడిన కొందరికి వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఆ నంబర్లే అక్కరకొచ్చాయి. ఏ వెర్షన్ దగ్గర బాధ మొదలైందో తెలిసింది, ఆ వెర్షన్‌లో కొత్తగా ఏం చేరిందో చూశారు. నాచు నుంచి చేసిన పిండి మీద అనుమానం నిలిచింది. అమ్మకం ఆపి, అది తీసేసి తర్వాతి వెర్షన్ తెచ్చారు. మీరు సంఖ్య పెట్టినా అక్షరం పెట్టినా సరే, డబ్బా అడుగు చూసి పసిపిల్లాడైనా పాతదో కొత్తదో చెప్పగలగాలి.

ఆన్‌లైన్ పేజీ విషయంలో ఒక ఆశ పుడుతుంది: పాత ప్రోడక్ట్‌కు వచ్చిన వేల స్టార్లు కొత్తదానికీ వాడుకుందామని. చిన్న మార్పయితే అదే పేజీలో తేదీతో సహా మార్పు రాసి కొనసాగించవచ్చు. వస్తువే మారిపోతే కొత్త పేజీ పెట్టండి. వేర్వేరు ఉత్పత్తుల రివ్యూలను ఒకే పేజీలో కలిపి చూపించిందన్న ఆరోపణ మీద 2023లో బౌంటిఫుల్ అనే సప్లిమెంట్ కంపెనీ వ్యాపార మోసాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీకి 6 లక్షల డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది.

6. ఫోన్లు మొదలయ్యాక: నాలుక, ఒళ్లు, పర్సు, మనసు

నేను రిజిస్టర్‌లో నాలుగు గళ్లు గీసుకుని ఈ పేర్లే పెట్టుకున్నాను. ప్రతి ఫోనూ, ప్రతి మెయిలూ ముందు ఏదో ఒక గడిలో పడాలి. జవాబు ఆ తర్వాతే. గడి పక్కన తేదీ, లాట్ నంబర్, ఎన్ని రోజులుగా కొత్తది వాడుతున్నారు, కస్టమర్ అన్న మాట అన్నట్టుగా. ఈ చివరిది ముఖ్యం. "రుచి సమస్య" అని కుదించి రాస్తే ఏమీ మిగలదు. "తుప్పు పట్టిన గ్లాసులో తాగినట్టుంది" అని రాస్తే ఫార్ములా వాళ్లకు ఇనుము ఏ రూపంలో వేశారో చూడాలని తడుతుంది.

మొదటి మాటను బట్టి గడి తేల్చకండి. "ఛీ, నోట్లో పెట్టుకోలేకపోతున్నా" అన్న మనిషి రెండు నిమిషాలు మాట్లాడనిస్తే, "పోయినసారి నుంచి గొంతు దురద కూడా ఉంటోంది" అంటాడు. అది నాలుక గడి కాదు, ఒళ్లు గడి, బహుశా అలర్జీ. అందుకే నేను అందరినీ ఒకే వరుసలో అడిగేదాన్ని: ఏం తేడా కనిపించింది? ఎప్పటినుంచి? తిన్నాక ఒంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా? డబ్బా అడుగున ఏం రాసుంది చదువుతారా? మీకు ఇప్పుడు ఏం కావాలి? ఐదో ప్రశ్నకు "డబ్బులు వెనక్కి" అనేవాళ్లు మనం భయపడినంత మంది ఉండరు. "పాతది ఒక్కటైనా దొరుకుతుందా" అనేవాళ్లే ఎక్కువ.

నాలుక గడికి జవాబు పొట్టిగా ఉండాలి. "అవునండీ, స్వీటెనర్ మార్చాం. స్టీవియాకు చివర్లో కొంచెం చేదు ఉంటుంది." అంతే. "కొద్దిరోజులకు అలవాటవుతుంది" అనకండి, వాళ్ల నాలుక సంగతి మీకు తెలియదు. చల్లటి నీళ్లలో కలిపితేనో, ఇంకో ఫ్లేవర్‌లోనో తేడా తగ్గుతుందని మీ ఇంటి పరీక్షలో తేలి ఉంటే చెప్పండి.

పర్సు గడిలో వాదన పెట్టుకోవద్దు. 90 రోజులు 30 రోజులైతే లెక్క వాళ్లదే ఒప్పు. రోజుకు ఎంత పడుతోందో మీరే లెక్కకట్టి చెప్పండి, పాత ధరకు ఒకటో రెండో డబ్బాలు ఇవ్వగలిగితే ఇవ్వండి.

మనసు గడి అన్నిటికన్నా కష్టం. "ఐదేళ్లుగా కొంటున్నా, మాకు చెప్పాలనిపించలేదా?" అన్న మనిషికి కూపన్ పంపడం ఎంత అవమానమో నేను చూశాను. కూపన్ వెనక్కి పంపిన ఆయన దానిమీద పెన్నుతో "నేను అడిగింది ఇది కాదు" అని రాశారు. అక్కడ కావాల్సింది మూడు వాక్యాలు: చెప్పలేదు, చెప్పాల్సింది, మారింది ఇవి. మార్పును ఎక్కడ మొదటిసారి చూశారో వాళ్లను అడిగి, ఆ చోట ఇప్పుడు ఏం రాస్తున్నారో చూపించండి. నా అనుభవంలో కోపంగా వచ్చి ఉండిపోయినవాళ్లలో ఈ గడివాళ్లే ఎక్కువ. నాలుక గడివాళ్లు మర్యాదగా మాట్లాడి మాయమైపోతారు.

7. ఒళ్లు గడి మీద ఎప్పుడూ వాదించకండి

నోసీబో గురించి తెలిశాక ఒక జబ్బు పట్టుకుంటుంది. ప్రతి బాధనూ "అది మీ భ్రమ" అని కొట్టిపారేయాలనిపిస్తుంది. ఎల్‌ట్రాక్సిన్ కథ విని అలా అనుకునేవాళ్లు సోయ్‌లెంట్ కథ కూడా వినాలి. అక్కడ అనుమానం నిలిచింది భ్రమ మీద కాదు, పిండి మీద. ఫోన్‌లో ఉన్న ఒక్క మనిషిది ఏ రకమో మీకు తెలిసే దారి లేదు. అదీగాక అనుమానం వల్ల వచ్చిన కడుపునొప్పి కూడా కడుపునొప్పే.

కాబట్టి ఫోన్‌లో చేయాల్సింది ఒకటే తీరు. వాడటం ఆపమనండి. డాక్టర్‌కు చూపించుకోమనండి, వెళ్లేటప్పుడు డబ్బా తీసుకెళ్లమనండి. ఊపిరి ఆడకపోవడం, ముఖం వాయడం లాంటివి చెబితే ఫోన్ పెట్టేసి వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లమనండి, రిజిస్టర్ తర్వాత. ఏ మందు వేసుకోవాలో మీరు చెప్పకండి. మిగిలిన డబ్బాను పారేయకుండా ఉంచమనండి, మీ ఖర్చుతో తెప్పించుకోండి. డబ్బులు వెంటనే ఇచ్చేయండి. ఆసుపత్రిలో చేరడం లాంటి తీవ్రమైనవి నియంత్రణ సంస్థకు తెలపాలి. అమెరికాలో దానికి 15 పనిదినాల గడువు. మీరు ఎక్కడ అమ్ముతున్నారో అక్కడి గడువును మార్పుకు ముందే గోడకు అంటించుకోండి.

ఇక రిజిస్టర్ చదవడం. పది ఫిర్యాదులు వచ్చాయంటే ఎక్కువా, తక్కువా? ఎన్ని డబ్బాల మీద అన్నది లేకుండా చెప్పలేం. పాత ఫార్ములా ఉన్నప్పుడు 10,000 డబ్బాలకు నాలుగు కడుపు ఫిర్యాదులు వచ్చేవి అనుకుందాం. కొత్తదాంట్లో మొదటి నెల తొమ్మిది వచ్చి, రెండో నెల ఆరుకు, మూడో నెల నాలుగుకు దిగితే అది చాలావరకు మార్పు వార్త పుట్టించిన అల. తొమ్మిది కాస్తా పదకొండు, పద్నాలుగు అవుతుంటే అల కాదు, ఫార్ములాలోనే ఏదో ఉంది. తొమ్మిదిలో ఏడు ఒకే లాట్ నుంచి వస్తే ఫార్ములాను వదిలి ఆ రోజు ఫ్యాక్టరీలో ఏం జరిగిందో చూడండి. ప్రకటన చూడనివాళ్ల నుంచి, మార్పు జరిగిందనే తెలియనివాళ్ల నుంచి అదే లక్షణం వరుసగా వస్తుంటే దాన్ని అన్నిటికన్నా పైన పెట్టండి. వాళ్ల బాధకు వార్త కారణం కాదు కదా.

తీవ్రమైన కేసులు రెండు ఒకేలా కనిపించినా ఈ శాతాలతో పనిలేదు. అమ్మకం ఆపేసి తర్వాత లెక్కలు చూసుకోండి.

8. వెనక్కి వెళ్లాలా?

నాలుక గడి నిండిందని పాత ఫార్ములాకు పరిగెత్తకండి. మొదటి నెల గోల మూడో నెలకు సగం అవుతుంది. కానీ తిరిగి కొనేవాళ్ల సంఖ్య చూడండి. ఫోన్లు తగ్గడం రెండు కారణాల వల్ల జరుగుతుంది: అలవాటు పడ్డారు, లేదా వెళ్లిపోయారు. పాత ఫార్ములా ఉన్నప్పుడు 100 మందిలో ఎంతమంది తర్వాతి డబ్బా కొనేవారో, ఇప్పుడు ఎంతమంది కొంటున్నారో పక్కపక్కన పెడితే ఏది నిజమో తేలుతుంది. వీలుంటే రెండు రకాలూ వేర్వేరు పేర్లతో కొంతకాలం అమ్మండి. తిరిగి వెళ్లాలని నిర్ణయిస్తే మళ్లీ నాలుగో మెట్టు నుంచి మొదలు, అది కూడా మార్పే కాబట్టి.

9. రెండో అల కోసం కొన్ని పాత డబ్బాలు దాచండి

మూడు నెలలకు రిజిస్టర్ నిమ్మళిస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఎనిమిది, తొమ్మిది నెలలకు మళ్లీ ఫోన్లు మొదలవుతాయి. మార్పు సంగతి తెలియగానే పాతవి నాలుగైదు డబ్బాలు కొని దాచుకున్నవాళ్లు వీళ్లు. ఇప్పుడు వాళ్ల చివరి డబ్బా అయిపోయింది. మీకు పాత కథ, వాళ్లకు ఇది మొదటి రోజు. అప్పటికి ఫోన్లు ఎత్తేవాళ్లు కూడా మారిపోయి ఉంటారు, "ఏ మార్పూ లేదండీ" అని నాలాగే ఇంకో అమ్మాయి అనేస్తుంది. అందుకని మార్పు షీట్‌ను ఫోన్ బల్ల మీదనుంచి తీయకండి. పాత లాట్ నుంచి సీలు తీయని డబ్బాలు ఆరు, దాని గడువు తేదీ దాటేదాకా చల్లటి పొడి చోట ఉంచండి. పక్కనే కొత్తవి ఆరు. ఎవరైనా "తేడాగా ఉంది" అంటే రెండూ తెరిచి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కలిపి తాగి చూడండి. నాకు ఫోన్ చేసిన ఆవిడతో చివరికి నేను చేసింది అదే. కొత్తదాంట్లో నిజంగానే నురగ రాలేదు.

"చూశావా?" అన్నారు ఆవిడ.

"చూశానండీ" అన్నాను.

ఆవిడ గొంతు అప్పటికి మామూలైంది. పాత లాట్‌వి రెండు డబ్బాలు పక్కన పెట్టమన్నారు.